రక్తము చెప్పు సాక్ష్యము

నల్లగొండ జిల్లావారికి ఆనవాలు అను మాటకు అర్థము వేఱుగ చెప్ప నక్కఱలేదు. బావినీటిలో కరగియున్న ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. పిల్లల పండ్లమీద పసుపు చారలుగను, పెద్దల వెన్నులో వంపుగను అది తన్ను తాను బయలు పెట్టుకొనును. 1955లో ఎ. హెచ్. సిద్దికీ అను వైద్యుడు ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినపుడు, ఈ ఆనవాళ్లు లోకమున కెక్కినవి. అయితే పంటిమీది ప్రతి మరకయు ఫ్లోరైడు చేసినది కాదు. అది పొగాకు గార కావచ్చును, తాంబూలపు మరక కావచ్చును. ఆనవాలు దొరకుట యొకటి, దాని కారణమును పట్టుట మఱియొకటి. ఈ తేడాను మనసులో నుంచుకొన్నచో నేటి ప్రసంగములోని విషయము సులభముగ బోధపడును.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు అనేక విధములు. వానిలో స్త్రీల అండాశయములకు వచ్చునది మిక్కిలి గుట్టుగా పెరుగునది. మన దేశములో 2022వ సంవత్సరమున సుమారు 47,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా వచ్చినదనియు, సుమారు 33,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. రొమ్ము, గర్భాశయ ముఖద్వారముల క్యాన్సర్ల తరువాత మన స్త్రీలలో మూడవ స్థానము దీనిదే. వ్యాధి అండాశయమును దాటకముందే తెలిసినచో పదిమందిలో దాదాపు తొమ్మండుగురు ఐదేండ్లు, అంతకు మించియు జీవింతురు. కాని మూడింట రెండు వంతులకు పైగ రోగులకు, వ్యాధి పొత్తికడుపును దాటి ప్రాకిన తరువాతనే నిర్ధారణ జరుగుచున్నది.

ఎందువలన? అండాశయము బాదముకాయంత అవయవము. కడుపులో లోతుగ, చుట్టును ప్రేవులు కదలుటకు చోటున్న తావున నుండును. అక్కడ గడ్డ పెరిగినను చాల కాలము దేనిని ఒత్తదు, నొప్పి పుట్టదు. చివరకు కనబడు లక్షణములైనను పరుషమైనవి కావు. కడుపు ఉబ్బరించుట, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపులో బరువు, మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చుట, ఇంతే. ఇవి ఏ యింటిలో లేవు? గ్యాసు అందురు, పడనిది తిన్నాననుకొందురు, వయసు మీద పడినదని సరిపెట్టుకొందురు.

అందుచేత శాస్త్రజ్ఞులు వేఱొక త్రోవ వెదకిరి. కడుపులోని గడ్డ నోరు విప్పకున్నను, దేహమంతట తిరుగుచుండు రక్తమునందు దాని వార్త ఏదైన దొరకునా యని పరిశీలింప మొదలిడిరి. రెండు విధములైన వార్తలు దొరకినవి. ఒకటి గడ్డనుండి వెలువడు పదార్థము. రెండవది ఆ గడ్డను ఎదుర్కొనుచు మన శరీరము చేయు అలజడి. ఈ రెండవదియే నేటి ముఖ్య విషయము.

మొదటిదానిని గూర్చి రెండు మాటలు. 1981లో అమెరికాలో రాబర్ట్ బాస్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును అండాశయపు క్యాన్సరు కణములను గుర్తించు ఒక ప్రతిరక్షకమును తయారు చేసిరి. అది పట్టుకొను పదార్థమునకు సి.ఏ. 125 అని పేరు. ఒక మిల్లీలీటరు రక్తరసములో 35 యూనిట్ల వరకు సాధారణమని నిర్ణయించిరి. 1983లో వారు ప్రకటించిన లెక్కలో, ఈ క్యాన్సరున్న 101 మందిలో 82 శాతము మందికి అది హద్దు మించియుండెను. ఆరోగ్యవంతులలో ఒక శాతము మందికి మాత్రమే మించెను. నేటికిని ఈ పరీక్ష వాడుకలో నున్నది.

ఇక రెండవ వార్త. కాలిలో ముల్లు విరిగినచో ఆ చోటు ఎఱ్ఱబారును, వేడెక్కును, వాచును, నొప్పి పెట్టును. దీనిని వైద్యులు శోథ అందురు. ఇది వ్యాధి కాదు, దేహము చేయు కాపలా. తెల్లకణములు పరుగెత్తి వచ్చి సూక్ష్మజీవులను మ్రింగును, ప్లేట్‌లెట్లు రక్తమును గడ్డకట్టించును, క్రొత్త కండ పుట్టి గాయము మానును. పని ముగియగానే కాపలాదారులు వెనుకకు మఱలుదురు. 1863లోనే జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో క్యాన్సరు గడ్డలలో తెల్లకణములు చేరియుండుట గమనించి, శోథకును ఈ వ్యాధికిని సంబంధ ముండవచ్చునని తలచెను. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు క్యాన్సరు గడ్డను మానని గాయముతో పోల్చెను. దేహము దానిని గాయమనుకొని మాన్పుటకు సరకులు పంపుచునే యుండును. క్రొత్త రక్తనాళములు పుట్టును, పోషకములు చేరును. గడ్డ వానిని తన పెంపునకే వాడుకొనును. కాపలాకు వచ్చినవాడు తెలియకయే దొంగకు నిచ్చెన వేసినట్లగును.

ఈ అలజడిలో కబురు మోయు ఒక ముఖ్యమైన పదార్థము కలదు. దాని పేరు ఇంటర్‌ల్యూకిన్ 6. అండాశయపు క్యాన్సరు కణములును, వాని చుట్టును చేరిన కణములును దీనిని పుట్టించును. అది రక్తములో కలసి కాలేయమునకు చేరి నాలుగు పనులు చేయించును. మొదటిది, సి-రియాక్టివ్ ప్రోటీన్ అను పదార్థమును పెంచును. న్యూమోనియా రోగుల రక్తములో 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు కనుగొన్న పదార్థ మిది. వాడుకలో సి.ఆర్.పి. పరీక్ష అనునది దీనినే కొలుచును. రెండవది, ఆల్బుమిన్ అను మేలి ప్రోటీనును తగ్గించును. మూడవది, హెప్సిడిన్ అను పదార్థమును పెంచి, దేహములో నున్న ఇనుమును సయితము రక్తమునకు అందకుండ చేయును. కనుకనే ఇట్టి రోగులలో కొందఱికి ఇనుప మాత్రలు మ్రింగినను రక్తహీనత తీరదు. నాలుగవది, థ్రాంబోపొయిటిన్ అను హార్మోనును పెంచి, ఎముకలలోని మూలుగచేత ప్లేట్‌లెట్లను అధికముగ పుట్టించును.

ఈ నాలుగవ పనిని 2012లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు కేంద్రమువారును, వారితో కలసి పనిచేసినవారును స్పష్టముగ చూపిరి. అండాశయపు క్యాన్సరున్న 619 మందిని పరిశీలింపగా, 31 శాతము మందికి నిర్ధారణ నాటికే ప్లేట్‌లెట్లు హద్దు మించియుండెను. అట్టివారు మిగిలినవారి కంటె తక్కువ కాలము జీవించిరి. గడ్డ ప్లేట్‌లెట్లను పెంచును, పెరిగిన ప్లేట్‌లెట్లు గడ్డకు మరల బలమిచ్చును. డెంగీ జ్వరముల పుణ్యమా యని ప్లేట్‌లెట్లు తగ్గుట నేడు పల్లెలలో సయితము అందఱకు తెలిసిన మాటయే. అవి అకారణముగ పెరుగుటయు ఒక వార్తయే యని ఈ పరిశోధన తెలిపినది.

తెల్లకణములలోను ఇట్టి మార్పు కలదు. వానిలో రెండు తెగలు ప్రధానమైనవి. న్యూట్రోఫిలులు శోథ కలిగిన చోటికి ముందుగ ఉరుకు మూక. లింఫోసైటులు శత్రువును గుర్తు పట్టి, గురి చూచి కొట్టు నిపుణులు. క్యాన్సరుతో పోరునది ముఖ్యముగ ఈ రెండవ తెగ. 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ముదిరిన అండాశయపు క్యాన్సరు గడ్డలు 186 పరీక్షింపబడినవి. గడ్డలోనికి టి-లింఫోసైటులు చొచ్చుకొని పోయిన రోగులలో 38 శాతము మంది ఐదేండ్లు జీవించిరి. అవి చొరని వారిలో అట్లు జీవించినవారు 4.5 శాతము మాత్రమే. శోథ ముదిరినకొలది రక్తములో న్యూట్రోఫిలులు పెరుగును, లింఫోసైటులు తగ్గును. కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి దేహములోని పోరు ఎటు మొగ్గుచున్నదో సూచించు త్రాసుముల్లు వంటిది. ఈ నిష్పత్తిని 2001లో స్లొవేకియా వైద్యుడు రాబర్ట్ జహోరెత్స్ తీవ్రరోగుల విషయమున సూచించెను. 2014లో చైనాలోని షాంఘై పరిశోధకులు, కాలేయ క్యాన్సరు విషయమున, ప్లేట్‌లెట్లను కూడ కలిపి మఱియొక సూచికను కట్టిరి. ఇవి తరువాత అండాశయపు క్యాన్సరు పరిశోధనలోనికి వచ్చినవి.

లెక్క చూచిన గాని ఇది రుచింపదు. కాగితము, కలము దగ్గఱ నుంచుకొనుడు. ఒక స్త్రీకి తెల్లకణములు 6,000 అనుకొందము. అందులో న్యూట్రోఫిలులు 60 శాతము, అనగా 3,600. లింఫోసైటులు 30 శాతము, అనగా 1,800. మొదటిదానిని రెండవదానిచే భాగించిన 2 వచ్చును. ఆమె ప్లేట్‌లెట్లు 2,52,000 అయినచో, వానిని లింఫోసైటులచే భాగించిన 140 వచ్చును. మఱియొక స్త్రీకి తెల్లకణములు 9,000. న్యూట్రోఫిలులు 75 శాతము, అనగా 6,750. లింఫోసైటులు 15 శాతము, అనగా 1,350. ఈమె నిష్పత్తి 5. ప్లేట్‌లెట్లు 4,86,000 అయినచో రెండవ నిష్పత్తి 360. షాంఘైవారి సూచిక కొఱకు ప్లేట్‌లెట్లను వేలలో తీసికొని మొదటి నిష్పత్తిచే గుణింపవలెను. మొదటి స్త్రీకి 252 రెట్లు 2, అనగా 504. రెండవ స్త్రీకి 486 రెట్లు 5, అనగా 2,430. తెల్లకణముల మొత్తము మాత్రము చూచినచో ఇద్దఱును 4,000 నుండి 11,000 వరకు గల సాధారణ హద్దులోనే యున్నారు. మొత్తములో దాగినది నిష్పత్తిలో బయటపడినది.

అయితే రెండవ స్త్రీకి క్యాన్సరున్నదా? ఈ అంకెలను బట్టి చెప్పవీలు లేదు. ఇక్కడనే పంటిమీది మరకను జ్ఞాపకము చేసికొనవలెను. న్యూమోనియా, మూత్రపిండములకు చీము పట్టుట, కీళ్లవాతము, ఇటీవలి శస్త్రచికిత్స, వీనిలో ఏదైనను ఇవే అంకెలను పుట్టింపగలదు. స్టెరాయిడు మందులు న్యూట్రోఫిలులను పెంచి లింఫోసైటులను తగ్గించును. క్యాన్సరు మందు ఎక్కించుటకు ముందు ఆ స్టెరాయిడులనే ఇచ్చుట కలదు గనుక, చికిత్స నడుమ తీసిన రక్తమునకు అర్థము చెప్పునపుడు వైద్యులు ఆ సంగతి చూచుకొందురు. ఇనుము లోపము వలన కలుగు రక్తహీనతలోను ప్లేట్‌లెట్లు పెరుగుట కలదు. మన రాష్ట్రములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగము కంటె ఎక్కువ మందికి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ప్లేట్‌లెట్లు పెరిగిన ప్రతి స్త్రీని అనుమానించినచో పాలమూరులో భయపడని ఇల్లు మిగులదు.

సి.ఏ. 125 సంగతియు ఇంతే. ముట్టు దినములలోను, గర్భిణిగ నున్నపుడును, గర్భసంచిలో కణుతులున్నను, కాలేయము చెడినను అది పెరుగును. మన దేశములో ముఖ్యముగ తెలిసికొనవలసినది కడుపులోని క్షయ. అందును కడుపులో నీరు చేరును, మనిషి చిక్కును, సి.ఏ. 125 వందలలోనికి పోవును. చూచుటకు అచ్చముగ అండాశయపు క్యాన్సరు వలెనే యుండును. ఒకటి మాత్రలతో నయమగు జబ్బు, రెండవది శస్త్రచికిత్స కోరు జబ్బు. ఈ రెండింటిని వేఱుపఱచునది రక్తపు చీటి కాదు. స్కానింగు చూచి, నీటినో ముక్కనో తీసి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపవలెను.

ఆరోగ్యముగ నున్న స్త్రీలందఱకు ఏటేట రక్తపరీక్ష చేసిన లాభముండదా యని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు బ్రిటనులో గొప్ప ప్రయత్నము జరిగినది. 50 నుండి 74 ఏండ్ల వయసు గల 2,02,638 మంది స్త్రీలను చేర్చుకొని, కొందఱకు ఏటేట సి.ఏ. 125 పరీక్షయు, కొందఱకు స్కానింగును చేసి, మిగిలినవారిని ఏ పరీక్షయు లేక గమనించిరి. 2021లో తుది ఫలితములు వెలువడినవి. రక్తపరీక్షల వర్గములో తొలిదశ వ్యాధి కొంత ఎక్కువగ పట్టుబడినను, మరణములు తగ్గలేదు. కాబట్టి ఏ బాధయు లేని స్త్రీకి, వంశములో ఈ వ్యాధి లేనపుడు, క్యాన్సరు కొఱకని రక్తపరీక్షల మూట కొనుట వ్యర్థము. తల్లికో, అక్కచెల్లెండ్రకో, మేనత్తకో, పినతల్లికో రొమ్ము క్యాన్సరు గాని, ఈ వ్యాధి గాని వచ్చినవారి సంగతి వేఱు. వారు వైద్యునితో ఆ మాట తప్పక చెప్పవలెను.

మఱి ఈ శోథ సూచికలు ఎందుకు పనికివచ్చును? వ్యాధి నిర్ధారణ జరిగిన తరువాత, అది ఎంత ఉద్ధృతముగ నున్నదో అంచనా కట్టుటకు తోడ్పడును. చికిత్సకు ముందు ఈ నిష్పత్తులు ఎక్కువగ నున్న రోగులు సగటున తక్కువ కాలము జీవించుచున్నారని అనేక పరిశోధనలు చెప్పినవి. అయితే ఒక పరిశోధన 3ను హద్దుగ గ్రహించిన, వేఱొకటి 4ను గ్రహించినది. అందఱును ఒప్పుకొన్న హద్దు ఇంకను ఏర్పడలేదు. అదియు గాక సగటు అనునది గుంపునకు చెందినది, మనిషికి చెందినది కాదు. ఎక్కువ నిష్పత్తి యుండి చిరకాలము బ్రతికినవారును కలరు. అంకె చూచి ఆశ వదలుకొనుట తగదు.

ఒంటరి సాక్షి కంటె కూడి చెప్పు సాక్షులు మేలు. 1990లో బ్రిటనులో ఇయాన్ జేకబ్స్, ఆయన సహచరులు సూచించిన పద్ధతి దీనికి చక్కని ఉదాహరణము. స్కానింగులో గడ్డ రూపమునకు ఒక అంకె, ముట్టు ఆగినదో లేదో దానికొక అంకె ఇచ్చి, వానిని సి.ఏ. 125 విలువతో గుణింతురు. ఫలితము 200 దాటినచో రోగిని క్యాన్సరు నిపుణుల వద్దకు పంపుట మంచిదని వారి నిర్ణయము. వేర్వేఱుగ బలహీనములైన మూడు ఆనవాళ్లు కలసి బలమైన సాక్ష్యమైనవి.

ఇపుడు మన ప్రాంతమునకు సంబంధించిన ఒక ముఖ్యమైన హెచ్చరిక. దేశములో గర్భసంచి తొలగించు ఆపరేషనులు మిక్కిలి ఎక్కువగ జరిగిన రాష్ట్రములలో తెలంగాణము, ఆంధ్రప్రదేశ్ ముందున్నవని 2015-16 నాటి జాతీయ సర్వేలో తేలినది. చిన్నవయసులోనే ఆ ఆపరేషను చేయించుకొన్న స్త్రీలు మన పల్లెలలో ఎందఱో కలరు. గర్భసంచియే లేదు, ఇక ఆ జబ్బులు నాకెట్లు వచ్చును అని వారు తలతురు. అది పొరపాటు. పెక్కుసారులు గర్భసంచిని మాత్రమే తీసి అండాశయములను ఉంచుదురు. ఉంచిన అండాశయమునకు, దాని ప్రక్కనున్న నాళమునకు వ్యాధి రావచ్చును. ఏమి తీసిరో, ఏమి ఉంచిరో ఆపరేషను చీటిలో వ్రాసియుండును. ఆ చీటిని భూమి పట్టా వలె భద్రపఱచుకొనవలెను.

పాలమూరు కూలీలు ఏడాదిలో కొన్ని నెలలు దూరపు ఊళ్లలో పనిచేయుట అలవాటు. ఒక్కొక ఊరిలో ఒక్కొక వైద్యుడు, ఒక్కొక చీటి. పాత చీటి లేనిదే క్రొత్త అంకెకు అర్థము సగమే. నిరుడు 2,50,000 ఉన్న ప్లేట్‌లెట్లు నేడు 4,80,000 అయినవని తెలిసిననాడు వైద్యుడు ఆలోచనలో పడును. ఇంటిలోని స్త్రీల పరీక్షల చీటీలను తేదీల వరుసను ఒక సంచిలో ఉంచుట ఖర్చు లేని పని.

చేయవలసిన దేమనగా, కడుపు ఉబ్బరము, త్వరగ కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, మూత్రపు తొందర, వీనిలో ఏదైన ఈ మధ్యనే మొదలై, నెలలో పండ్రెండు దినములకు మించి వేధించుచున్నచో, ముఖ్యముగ వయసు యాబది దాటినచో, గ్యాసు మాత్రలతో కాలము గడుపక స్త్రీవ్యాధుల వైద్యుని కలిసి పొత్తికడుపు స్కానింగు అడుగవలెను. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని బీబీనగరులో అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థ కలదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి నేటికిని బీదలకు అండగ నిలిచియున్నది. ఖర్చునకు వెఱచి వెనుదీయ నక్కఱలేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణమున దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగినది.

ఇంటి యిల్లాలు అందఱకు వడ్డించి, చివర తాను రెండు ముద్దలు తిని, కడుపు నిండినదని లేచినచో ఎవరును గమనింపరు. నెల దినములుగ ఆమె అట్లే లేచుచున్నదా? చీర కుచ్చిళ్లు నడుమునకు బిగువగుచుండగా ముఖము మాత్రము చిక్కుచున్నదా? ఈ రెండు ఆనవాళ్లను పట్టుటకు ప్రయోగశాల అక్కఱలేదు. ఒక యింట నుండువారి చూపు చాలును. రక్తము చెప్పు సాక్ష్యము ఆ తరువాత వచ్చునది.